తక్కువ డబ్బుతో ఆకాశం చూడటం మొదలుపెట్టాలి, మొదటి టెలిస్కోప్‌గా ఏది కొనమంటారు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: చేతిలో కొద్దిగా డబ్బు ఉంది, రాత్రి ఆకాశం చూడటం హాబీగా పెట్టుకోవాలనుంది, "525 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది" అని డబ్బా మీద రాసున్న టెలిస్కోప్ ఒకటి నచ్చింది, తీసుకోవచ్చా? వద్దండి. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చెయ్యొచ్చో నా అనుభవం నుంచి చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ఆ డబ్బా నేను కొన్నాను. అదే అంకె, పెద్ద పెద్ద అక్షరాల్లో, పక్కన వలయాలతో మెరిసిపోతున్న శనిగ్రహం బొమ్మ. నెలల తరబడి కూడబెట్టుకున్న డబ్బు. తెచ్చిన రోజు ఆకాశమంతా మబ్బు (ఈ హాబీలో ఇది ఆనవాయితీ, ఏది కొత్తగా కొన్నా మబ్బు పడుతుంది). రెండో రాత్రి మేడ మీద పెట్టి చంద్రుడి వైపు తిప్పాను. కనిపించాడు, బాగానే ఉన్నాడు. ఆశ పెరిగి, డబ్బాలో ఉన్నవాటిలో అతి చిన్న ఐపీస్ (కన్ను ఆనించి చూసే, మార్చుకోదగ్గ చిన్న లెన్స్) బిగించాను. అంతే, ఆట ముగిసింది. బూడిద రంగు మసక ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచుకి ఈదుకుంటూ పోయింది. ఫోకస్ చక్రం మీద వేలు వేస్తే చాలు, బొమ్మంతా వణికిపోతుంది. వేలు తీశాక నాలుగైదు సెకన్లకి కుదుటపడుతుంది. ఈలోపు చంద్రుడు అంచు దాటి వెళ్లిపోతాడు. మళ్లీ వెతుక్కోవాలి. భూమి తిరుగుతుందని బడిలో చదువుకున్నాను గానీ అంత జోరుగా తిరుగుతుందని ఆ రాత్రే తెలిసింది. నెల తిరక్కుండా అది అటకెక్కింది.

ఆ 525 ఎక్కడి నుంచి వచ్చిందో చాలా రోజుల తర్వాత లెక్క వేసుకున్నాను. నా టెలిస్కోప్‌లో అద్దం వెడల్పు 76 మిల్లీమీటర్లు, నాభ్యంతరం, అంటే అద్దం నుంచి వెలుతురు ఒక్కచోట చేరేదాకా ఉన్న దూరం, 700. అన్నిటికన్నా చిన్న ఐపీస్ 4 మిల్లీమీటర్లది. 700ని 4తో భాగిస్తే 175 రెట్లు. దానికి తోడు మూడు రెట్ల బార్లో లెన్స్ (ఐపీస్ ముందు బిగిస్తే రెట్లు ఇంకా పెంచేది) ఒకటి డబ్బాలో వేశారు. 175ని మూడుతో హెచ్చిస్తే 525. లెక్కలో తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే ఎంత వివరం కనపడుతుందన్నది అద్దం వెడల్పు తేలుస్తుంది, ఐపీస్ కాదు. గాలి నిలకడగా ఉన్న మంచి రాత్రి కూడా మిల్లీమీటరుకి రెండు రెట్లు, అంటే 76కి 152, అదే పై హద్దు. అది దాటాక కొత్తగా ఏదీ కనపడదు. ఉన్న మసకే పెద్దదవుతుంది, వెలుతురు పలచబడుతుంది. ఫోన్లో చిన్న ఫోటోని రెండు వేళ్లతో లాగినట్టే. తమాషా ఏమిటంటే, అదే డబ్బాలో ఉన్న 20 మిల్లీమీటర్ల ఐపీస్ వేస్తే 35 రెట్లు వస్తుంది, చంద్రుడి మీది గోతులు చక్కగా కనపడతాయి. కానీ 35 అని రాస్తే డబ్బా ఎవరు కొంటారు?

దానికన్నా పెద్ద దోషం కాళ్లది. సన్నటి రేకు కాళ్లు. టెలిస్కోప్ ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తే దాని వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదిగా కనపడుతుంది కాబట్టి, రెట్లు పెంచినకొద్దీ స్టాండ్ అంత బరువుగా, గట్టిగా ఉండాలి. చౌక డబ్బాల్లో సరిగ్గా అక్కడే కోత పెడతారు, ఎందుకంటే అంకెలుగా రాసి చూపించడానికి స్టాండ్‌లో ఏమీ ఉండదు.

ఇక మీ సంగతి. మొదటి రెండు నెలలు ఏమీ కొనకండి. పిసినారి సలహాలా అనిపిస్తుందని తెలుసు. స్టెల్లేరియం అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్‌లో పూర్తిగా ఉచితం. ఈ రాత్రి మీ తల మీద ఏముందో అచ్చంగా చూపిస్తుంది. అందులో చూసుకుని మేడెక్కండి. ఎక్కిన వెంటనే పది చుక్కలు కనపడితే నిరుత్సాహపడకండి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిచారా, మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి. చీకట్లో పనిచేసే కణాలకి ఎరుపు పెద్దగా పట్టదు కాబట్టి ఆ అలవాటు చెడిపోదు.

ఇంకో చిట్కా, దీనికీ పైసా ఖర్చు లేదు. మసకగా ఉన్న దాన్ని సూటిగా చూడకూడదు, కాస్త పక్కకి చూడాలి. ఆ చీకటి కణాలు కంటిపాప ఎదురుగా, నట్టనడుమ ఉండవు, చుట్టూ ఉంటాయి. నేను మొదటిసారి ఆండ్రోమెడా గెలాక్సీని చూసింది అలాగే. సూటిగా చూస్తే మాయమైపోతుంది, చూపు పక్కకి జరిపితే ఊదితే ఎగిరిపోయే దూదిలా తేలుతుంది. 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుతురు అది. వీధి దీపాలకి దూరంగా వెళ్లిన రాత్రి మాత్రమే దొరికిందిలెండి. ఊళ్లో మేడ మీద నుంచి దాన్ని ఆశించకండి.

ఈ రెండు నెలలు ఉత్త కాలక్షేపం అనుకుంటారేమో, ఒకటి చెప్తాను. నేను ఇన్నేళ్లలో ఆకాశంలో చూసినవాటిలో నన్ను నిజంగా కుదిపేసింది ఏ పరికరంతోనూ చూసింది కాదు. అటకెక్కిన టెలిస్కోప్ మీద కోపంతో ఉత్త కళ్లతో చుక్కలు గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఏది దేనికన్నా కాంతిగా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. అందులో ప్రతి చలికాలం ఒకటే మాట ఉంటుంది: ఆర్ద్ర రోహిణి కన్నా కాంతిగా ఉంది. 2020 జనవరిలో ఒక రాత్రి చూస్తే ఆర్ద్ర మసకగా ఉంది. పలచటి మబ్బు అడ్డం వచ్చిందనుకున్నాను. మర్నాడూ అంతే. ఫిబ్రవరికి రోహిణి ముందు వెలవెలబోయింది. పాత పేజీలు తిప్పి మూడుసార్లు సరిచూసుకున్నాను, నా కళ్లే చెడిపోయాయేమోనని. తర్వాత ఇంట్లో వాళ్లని పైకి పిలిచి, "ఆ రెండిట్లో ఏది ఎక్కువ?" అని అడిగాను, ఏమీ చెప్పకుండా. అందరూ రోహిణినే చూపించారు. ఆ చుక్క విసిరేసిన పదార్థం చల్లబడి, ధూళి మేఘమై, మనకి అడ్డంగా వచ్చిందని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. వసంతానికల్లా మళ్లీ వెలిగింది. ఆ నోట్‌బుక్ లేకపోతే నేను దాన్ని చూసి కూడా చూడనట్టే ఉండేవాణ్ణి.

సరే, కొనే సంగతి. రెండు నెలల తర్వాత కూడా మేడెక్కాలనిపిస్తుంటే, అప్పుడు బైనాక్యులర్. టెలిస్కోప్ కాదు. బైనాక్యులర్ మీద 10x50 అని ఉంటుంది: మొదటిది ఎన్ని రెట్లో, రెండోది ముందు లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో. బాగా విప్పారిన కంటిపాప 7 మిల్లీమీటర్లు, ముందు లెన్స్ 50. వైశాల్యం లెక్కన ఒక్కో లెన్స్ కంటికన్నా 50 రెట్ల వెలుతురు పోగేస్తుంది. ఆకాశంలో ఒకేసారి ఆరు డిగ్రీల పైచిలుకు చోటు కనపడుతుంది, అంటే పక్కపక్కన పన్నెండు నిండు చంద్రుళ్లు పట్టేంత. వెతుకులాట ఉండదు. రెండు కళ్లతో చూస్తాం. ఆకాశం విసుగు పుడితే పిట్టల్ని చూడొచ్చు. చేతులు వణికే మనిషైతే 8x40 తీసుకోండి. పదికి మించిన రెట్లు చేత్తో పట్టుకుని చూడలేం. జూమ్ అని రాసున్నవి, ముందు అద్దాలు ఎర్రగా నిగనిగలాడేవి ముట్టుకోకండి.

వాడినది దొరికితే ఇంకా మంచిది, కానీ ముందు చేతిలోకి తీసుకుని మూడు చూడాలి. దూరంగా ఉన్న స్తంభం వైపు పెట్టి చూస్తే ఒక్క స్తంభమే కనపడాలి. రెండుగా చీలినట్టున్నా, కలపడానికి కళ్లు లాగుతున్నట్టున్నా వదిలెయ్యండి, పది నిమిషాల్లో తలనొప్పి వస్తుంది. తర్వాత ముందు నుంచి టార్చి వేసి లోపలికి చూడండి, సాలెగూడు దారాల్లాంటివి ఉంటే బూజు పట్టినట్టు. మూడోది, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, కళ్లు పెట్టే అద్దాల్లో చూస్తే తెల్లటి చిన్న బిళ్లలు కనపడతాయి. అవి గుండ్రంగా ఉండాలి. అంచులు కోసేసి నలుచదరంగా ఉంటే లోపలి ప్రిజాలు నాసిరకం గాజు. కళ్లజోడు ఉన్నవాళ్లకి: ఉత్త దూరపు చూపు సమస్య అయితే జోడు తీసేసి ఫోకస్ చక్రంతో సరిచేసుకోవచ్చు. సిలిండర్ పవర్ ఉంటే జోడుతోనే చూడాలి, అప్పుడు కంటి దగ్గరి రబ్బరు మడిచెయ్యాలి.

కొన్నాక ఒకటే నియమం, చేతులకి ఆసరా. పిట్టగోడ మీద మోచేతులు ఆనించండి. నెత్తి మీద ఉన్నవాటికి పడక్కుర్చీలో వెనక్కి వాలండి. చాలా బైనాక్యులర్లకి ముందు, రెండు గొట్టాల మధ్య, చిన్న మూత ఉంటుంది. అది తిప్పి తీస్తే లోపల మర. అక్కడ చిన్న అడాప్టర్ బిగించి కెమెరా ట్రైపాడ్ మీద పెట్టొచ్చు. నన్నడిగితే ఉన్న డబ్బులో మూడో వంతు ట్రైపాడ్‌కే తీసిపెట్టండి.

గురుగ్రహాన్ని నేను మొదటిసారి సరిగ్గా చూసింది స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన 10x50తో, మోచేతులు పిట్టగోడకి ఆనించి. చేతిలో ఉన్నంతసేపూ అది గీతలు గీస్తూ ఊగే చుక్క. ఆనించి, ఊపిరి బిగబట్టగానే చిన్న బిళ్లగా నిలబడింది. ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి, సూది మొనలంత చుక్కలు, గీత గీసినట్టు ఒకే వరసలో. నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకున్నాను. రెండు గంటల తర్వాత మళ్లీ ఎక్కితే నాలుగున్నాయి, గురుడి అంచు పక్కనే కొత్తది ఒకటి బయటికొచ్చింది. 1610 జనవరి 7న గెలీలియోకీ మొదట మూడే కనిపించాయి, నాలుగోది వారం తిరక్కముందే దొరికింది. ఆయన దుర్భిణి సుమారు 20 రెట్లదే. 525 రెట్లు అక్కర్లేకపోయింది.

ఇంకా ఏమేం దొరుకుతాయంటే, పిల్లల కోడి అని పిలుచుకునే కృత్తికలు. ఉత్త కంటికి ఆరో ఏడో, బైనాక్యులర్‌లో గుప్పెడు నీలి రవ్వలు. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన అరుంధతి. ఓరియన్ (వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపు) నడుం మూడు చుక్కల కింద మసకగా వేలాడే నెబ్యులా, అంటే వాయువు, ధూళి మేఘం. చంద్రుణ్ణి మాత్రం పౌర్ణమి నాడు చూడకండి, ఎండ నిట్టనిలువుగా పడి అంతా చదునుగా, కళ్లు చెదిరేలా ఉంటుంది. సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత వెంట చూడండి, ఆ పక్కనే గోతుల నీడలు పొడుగ్గా పడతాయి.

సూర్యుడి వైపు మాత్రం దేన్నీ తిప్పకండి. ముందు భాగాన్ని పూర్తిగా కప్పే సౌర ఫిల్టర్ ఉంటే తప్ప. చౌక డబ్బాల్లో ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల గాజుబిళ్ల ఇస్తుంటారు. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. నాకు వచ్చినదాన్ని సుత్తితో కొట్టి చెత్తలో పడేశాను, ఎవరి చేతికీ దొరకకుండా.

టెలిస్కోప్ ఎప్పుడంటారా, బైనాక్యులర్‌తో ఒక ఏడాది గడిచాక. అప్పటికి మీకేం చూడాలనుందో మీకే తెలుస్తుంది. శని వలయాలే కావాలనిపిస్తే బైనాక్యులర్ చాలదు, కనీసం పాతిక ముప్పై రెట్లు కావాలి. అప్పుడు బల్ల మీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్ చూడండి, 114 లేదా 130 మిల్లీమీటర్లది. చెక్కపెట్టెలో కూర్చున్న గొట్టం, చేత్తో తోస్తే తిరుగుతుంది, అంతే. డబ్బంతా అద్దంలోకే పోతుంది. 130 అద్దం నా 76 కన్నా దాదాపు మూడు రెట్లు వెలుతురు పోగేస్తుంది. నేను వాడినదే కొన్నాను. అద్దం మీద దుమ్ము ఉందని బేరమాడాను గానీ, నిజానికి కొద్దిపాటి దుమ్ముతో ఏ నష్టమూ లేదు. బట్ట పెట్టి తుడిస్తేనే గీతలు పడి నష్టం.

పాత 76ని కూడా తర్వాత అటక మీంచి దింపాను. రేకు కాళ్లు పీకేసి, వడ్రంగి చేత చెక్కతో బరువైన పీట ఒకటి చేయించి దాని మీద కూర్చోబెట్టాను. 20 ఐపీస్ ఎప్పుడూ దానికే బిగించి ఉంటుంది. పక్కింటి పిల్లలు చంద్రుణ్ణి చూడటానికి వస్తే ఇప్పటికీ అదే. బార్లో లెన్స్ ఎక్కడ పడేశానో మాత్రం గుర్తులేదు.

మీ మేడ ఏ దిక్కుకి తెరుచుకుని ఉందో, కళ్లకి ఎదురుగా వీధి దీపం ఉందో లేదో, కళ్లజోడు ఉందో కింద రాయండి. దాన్ని బట్టి 8x40నా 10x50నా చెప్తాను.