చిన్నికి, ఫ్రిజ్ గురించి

చిన్నీ,

మొన్న మీ ఇంట్లో ఉన్న వారం రోజులూ చెప్పాలా వద్దా అనుకుంటూనే ఊరికి వచ్చేశాను. శనివారం నువ్వు ఫ్రిజ్ కడిగినప్పుడు నల్లబడి నీరు కారుతున్న కొత్తిమీర కట్టలు రెండు, మూత తీయని పెరుగు డబ్బా, రెండు గిన్నెల అన్నం చెత్తబుట్టలో పడ్డాయి. ఆ అన్నం చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. మీ తాతయ్య కళ్లంలో రాలిన గింజల్ని కూడా మా చేత ఏరించేవాడు.

ఇది నీ ఒక్కదాని సంగతి కాదులే. ఐక్యరాజ్యసమితి 2024లో చెప్పిన లెక్క ప్రకారం తొక్కలతో సహా మన ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి చెత్తలోకి పోతోందట.

ముందు బియ్యం సంగతి. కుక్కర్‌తో వచ్చిన కప్పు నిండా పోస్తే 150 గ్రాముల దాకా ఉంటాయి. మీ ఇద్దరికీ రాత్రికి కప్పుంబావు చాలు, నువ్వు రెండు పోస్తున్నావు. చాలకపోతే పెరుగులోకి రెండు అటుకులు కలుపుకోవచ్చు. అయినా మిగిలితే పొద్దుటి దాకా గట్టు మీద ఉంచకు, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టు. బయట ఉన్న అన్నంలో ఒక రకం బాక్టీరియా విషం పుడుతుంది, మళ్లీ వేడి చేసినా అది పోదు. మర్నాడే పులిహోరో, ఉల్లిపాయలు వేసి పోపన్నమో చేసెయ్.

కూరగాయలకి వెళ్లేముందు ఫ్రిజ్ తెరిచి చూడు. రైతుబజారులో చవగ్గా కనిపించిందని మూడు కట్టలు తెస్తే రెండు కుళ్లేవే. కొత్తిమీర కడగకుండా, వేళ్లు కోసి, పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే వారం నిలుస్తుంది. కొన్నవి వెనక్కి, పాతవి ముందుకి జరుపు. పెరుగు పులిస్తే మజ్జిగ పులుసు పెట్టుకో, పారబోయకు.

బీరకాయ చెక్కు కూడా పారేస్తున్నావు. ముందు కాయ చివర కొరికి చూడు. చేదుగా ఉంటే కాయ మొత్తం పారెయ్, అక్కడ పొదుపు వద్దు. లేత చెక్కు బాగా కడిగి, నీళ్లు పిండేసి, చెంచాడు నూనెలో పచ్చిమిర్చితో కలిపి పచ్చివాసన పోయేదాకా మగ్గించు. వేయించిన నువ్వులు, కాస్త చింతపండు, ఉప్పు వేసి బరకగా తిప్పు. మెత్తగా చేస్తే రుచి చచ్చిపోతుంది. పైన ఇంగువ పోపు. వేడన్నంలో మీ అమ్మకి కూర కంటే ఇదే ఇష్టం.

ప్యాకెట్ల మీద 'బెస్ట్ బిఫోర్' దాటగానే పారేయక్కర్లేదు. ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని దానర్థం. వాసన, రంగు చూసుకుని వాడుకోవచ్చు. 'యూజ్ బై' అనో 'ఎక్స్‌పైరీ' అనో ఉంటే మాత్రం ఆ తేదీ దాటాక ముట్టుకోకు.

అబ్బాయికి ఒక్క మాట చెప్పు. ఆఫీసు వాళ్లతో బయట తినే రోజు సాయంత్రం ఆరింటికల్లా నీకు ఫోన్ చెయ్యమను. ఆ తర్వాత చేస్తే నువ్వు బియ్యం కడిగేసి ఉంటావు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ