కోడలా, గుట్ట మీద నువ్వు దిగిన ఆ ఫోటో గురించి

కోడలా,

నువ్వు యాదగిరిగుట్ట నుంచి వచ్చి పంపిన ఫోటో, దాని కింద పెట్టిన పొడుగు మెసేజ్, రెండూ రాత్రి హోటల్ బంద్ చేశాక కూర్చుని చూశాను. పదేళ్ళ నుంచి ఆ హీరోయిన్ సినిమా ఒక్కటి వదల్లేదు అత్తమ్మా, ఒక్క ఫోటో అడిగితే మొహం తిప్పుకుంది, పక్కనున్న మనిషి నన్ను నెట్టేశాడు, ఎంత పొగరు, ఇక ఆమె మొహం చూడను అని రాశావు. నెట్టడం తప్పే. ఆడపిల్ల భుజం మీద చెయ్యేసి నెట్టే హక్కు ఎవరికీ లేదు, ఆ విషయంలో నేను నీ వైపే. కానీ చివర్లో నువ్వు ఒక మాట అడిగావు చూడు, నువ్వైతే ఏం చేసేదానివి అని. దానికే ఇంత పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఫోటో మళ్ళీ తియ్యి. వేళ్ళతో పెద్దగా చేసి చూడు. ముందర నువ్వు నవ్వుతున్నావు. నీ వెనకాల ఆమె ఒళ్ళో ఏడాది పిల్లవాడు, అప్పుడే పుట్టువెంట్రుకలు తీయించినట్టున్నారు, నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. ఆమె కుడి అరచేతిలో తడి గంధం ఉంది. సగం వాడి గుండు మీద రాసింది, సగం ఇంకా చేతిలోనే ఉంది, మణికట్టు మీదికి కారుతోంది. ఎడమ చేత్తో వాడి మొహాన్ని తన భుజానికి అదుముకుంది. మొహం తిప్పుకుంది అన్నావు కదా, ఆమె తిప్పింది తన మొహం కాదు బిడ్డా, పిల్లవాడిది. నీ ఫోన్‌లో పడకుండా.

నీ పుట్టువెంట్రుకలు కూడా ఆ గుట్ట మీదే తీయించాం. మీ మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా నువ్వు ఆగలేదు, నువ్వు ఏడిస్తే మీ అమ్మ ఏడ్చింది, గంధం గిన్నె నా చేతిలోనే ఉంది. ఆ నిమిషంలో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి మీ అమ్మ పక్కన నిలబడి ఫోన్ ఎత్తితే మీ నాన్న ఊరుకునేవాడా చెప్పు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఇంతకన్నా పెద్ద తప్పు నేనే చేశాను. నార్కట్‌పల్లి దాటాక రోడ్డు పక్కన మీ మామ, నేను ఈ హోటల్ పెట్టి ఇరవై ఏడేళ్ళు. అప్పుడు ఈ రోడ్డును 9 నంబర్ హైవే అనేవాళ్ళు, ఇప్పుడు 65. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయేవాళ్ళంతా ఈ దారినే పోవాలి, పోయేవాళ్ళకు ఆకలి వేయాలి, చాయ్ తాగాలి, బాత్రూంకు పోవాలి. సినిమావాళ్ళు, పాటగాళ్ళు, ఆటగాళ్ళు, మంత్రులు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు మా గల్లా ముందు నిలబడ్డవాళ్ళే. ఎవరెవరు వచ్చారో నేను చెప్పను. మా గోడకు ఒక్క ఫోటో కూడా లేదు, మీ మామ పెడదామన్నా నేనే వద్దన్నాను. ఎందుకో చెప్తా.

పన్నెండేళ్ళ కింద, ఎండాకాలం, రాత్రి తొమ్మిదిన్నర అయి ఉంటుంది. ఒక పెద్దాయన కారు దిగి వచ్చాడు. మీ తాతకు ఆయనంటే ప్రాణం, ఆయన మాట రేడియోలో వస్తే మమ్మల్ని నోరు తెరవనిచ్చేవాడు కాదు. తల కిందికి వేసుకుని, గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చుని, "అమ్మా, ఏదుంటే అది తొందరగా పెట్టండి, కొంచెం చక్కెర ఇవ్వండి" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు మతి పోయింది. గల్లా దగ్గర నుంచే ఆయన పేరు పెట్టి గట్టిగా "సార్, మీరే కదా!" అని అరిచాను. అప్పుడే ఒక బస్సు వచ్చి ఆగింది, హాల్లో నలభై మంది ఉన్నారు. నలభై తలలు తిరిగాయి. ఒక పిల్లగాడు లేచి ఫోన్ తీశాడు, వాణ్ణి చూసి ఇంకో నలుగురు, రెండు నిమిషాల్లో ఆయన టేబుల్ కనిపించలేదు. నేను ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఆ గుంపు వెనక నిలబడ్డాను. లోపలికి పోయేసరికి ఆయన చెయ్యి చూశాను, వణుకుతోంది, నుదురంతా చెమట. చక్కెర అడిగింది చాయ్‌లోకి కాదు. షుగర్ పడిపోయిన మనిషి. నేను చెంచాతో చక్కెర ఇచ్చేలోపే ఎవరో ఆయన భుజం మీద చెయ్యేసి ఇటు చూడండి సార్ అన్నారు. ఆయన చూశాడు, నవ్వాడు కూడా, రెండు సార్లు నవ్వి లేచి వెళ్ళిపోయాడు. ప్లేటు ముట్టలేదు. నేను ఇడ్లీ పార్సిల్ కట్టి, చక్కెర పొట్లం పెట్టి, డ్రైవర్ వెనకాల చెప్పుల్లేకుండా ఉరికాను. కారు కదులుతుంటే కిటికీలోంచి అందించాను. తిన్నాడో లేదో తెలియదు. ఆ రాత్రి మీ మామ గల్లా లెక్క చూస్తుంటే నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

అప్పటి నుంచి నేను పాటించేవి చెప్తాను, నువ్వూ పాటించు.

ఎవరైనా కనపడితే పేరు పెట్టి పిలవకు. పేరు గట్టిగా పలికావంటే ఊరంతా పిలిచినట్టే. తింటున్నా, మందు బిళ్ళ వేసుకుంటున్నా, పిల్లల్ని ఎత్తుకున్నా, ఫోన్‌లో మెల్లగా మాట్లాడుతున్నా దగ్గరికి పోకు, దేవుడి ముందు కళ్ళు మూసుకున్నప్పుడు అసలే పోకు. బాత్రూం దగ్గర కాపు కాసేవాళ్ళను నేను మా హోటల్లో కర్ర పట్టుకుని తరిమినంత పని చేశాను. మంచి సమయం ఏదంటే చెయ్యి కడుక్కుని బయటికి వచ్చే నిమిషం. అప్పుడు కడుపు నిండి ఉంటుంది, కారు ఎక్కేలోపు పది అడుగులు ఉంటాయి. ఎదురుగా దారికి అడ్డం నిలబడకు, పక్కన నిలబడు, వాళ్ళే నిన్ను చూస్తారు. నమస్తే అను. నీకు వాళ్ళ పని ఎందుకు ఇష్టమో ఒక్క ముక్కలో చెప్పు. మీకు పెద్ద ఫ్యాన్ అండి అని లక్ష మంది అంటారు, అది వాళ్ళ చెవికి ఎక్కదు. మొన్నామధ్య ఒక పాటగత్తె వాళ్ళమ్మతో వస్తే నేను మూల టేబుల్ ఇచ్చి గోడ వైపు మొహం పెట్టి కూర్చోబెట్టాను, చెయ్యి కడుక్కునేటప్పుడు టవల్ ఇస్తూ, "నాకు కాన్పు కష్టమైనప్పుడు దవాఖానలో మీ పాట వినుకుంటూ పడుకున్నాను బిడ్డా" అన్నాను. ఆమె తడి చేతుల్తోనే నా చేతులు పట్టుకుంది. ఏ పాట అని అడిగింది, నేను రెండు లైన్లు అన్నాను, ఆమె కూడా మెల్లగా అందుకుంది. ఫోటో లేదు. నాకు అక్కర లేదు కూడా.

ఫోటో కావాలంటే అడగడం తప్పు కాదు, ఫోన్ ఎత్తకముందే అడగాలి, అంతే. కెమెరా తెరిచి పెట్టుకో, వాళ్ళను నిలబెట్టి లాక్ తీసుకుంటూ కూర్చోకు. వద్దు అంటే సరే సార్, సరే మేడం అని పక్కకు జరుగు, మళ్ళీ బతిమాలకు. దొంగచాటు వీడియో మాత్రం వద్దే వద్దు. ఇంకోటి, వాళ్ళు అక్కడ ఉండగానే ఫలానా చోట ఫలానావాళ్ళు ఉన్నారని స్టేటస్ పెట్టకు. పంతంగి టోల్ గేట్ దాటకముందే ఆ మాట వాళ్ళకన్నా ముందు పోతుంది, తర్వాత ఎక్కడ ఆగినా గుంపే. ఒంటరిగా కారులో పోయే ఆడమనిషికి అది ఎంత భయమో నీకు చెప్పనక్కర్లేదు. ముట్టుకోవడం, భుజం మీద చెయ్యెయ్యడం, టీవీలో లావుగా కనిపిస్తారండి అనడం, మా తమ్ముడికి చాన్స్ ఇప్పించండి అనడం, ఇవన్నీ నువ్వు చెయ్యవు, నాకు తెలుసు, అయినా రాశాను.

లీడర్ల సంగతి వేరు. ఎమ్మెల్యే, మంత్రి ఎదురుపడితే మొహమాటపడకు, మనం ఓటు వేసి పంపినవాళ్ళు, అడగడం మన హక్కు. అన్నం తిననివ్వు, తర్వాత అడుగు. కానీ ఎట్లా అడగాలో మన జిల్లావాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు. 1951 ఏప్రిల్ 18న గాంధీ గారి శిష్యుడు వినోబా భావే నడుచుకుంటూ పోచంపల్లి వచ్చినప్పుడు అక్కడి దళితులు ఆయన ముందు నిలబడి, మాకు బతకడానికి భూమి కావాలి అన్నారు. ఎంత కావాలి అని ఆయన అడిగితే 80 ఎకరాలు అని లెక్క చెప్పారు. ఆ లెక్క ఉంది కాబట్టే ఆయన అక్కడే ఊరివాళ్ళ వైపు తిరిగి అడగగలిగాడు, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నేను 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూమి ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు ఇచ్చే భూదానం అట్లా మొదలైంది. అంత పెద్దమనిషి ఊళ్ళోకి వస్తే వాళ్ళు దండం పెట్టి పక్కకు తప్పుకోలేదు, ఏడ్చి వదిలెయ్యలేదు, ఎంత కావాలో చెప్పారు. నీకు కూడా అట్లాంటి అవకాశం వస్తే ఒక్కటే సమస్య చెప్పు, ఏ ఊరు, ఎన్ని ఇళ్ళు, ఎన్ని రోజుల నుంచి అని చెప్పు, కాగితం మీద రాసి ఫోన్ నంబర్ వేసి చేతిలో పెట్టు. నాలుగు సమస్యలు కలిపి చెప్తే ఒక్కటీ గుర్తుండదు.

ఇంకొక మాట, ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ. మీ ఈడు పిల్లలకు సినిమా మొహాలు దూరం నుంచే తెలుస్తాయి. మన పక్కనే బస్సులో కూర్చున్నవాళ్ళు తెలియరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్య నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకుముందు ఎన్నేళ్ళు ఊరూరా తిరిగి వాయించినా ఆగి విన్నవాళ్ళు ఎందరు? పద్మశ్రీ వచ్చాక ఫోటోలు దిగినవాళ్ళకు లెక్క లేదు. 2024లో ఆయన తుర్కయాంజాల్ దగ్గర కూలి పనికి పోతున్నాడని పేపర్లో చదివి నాకు ఆ పూట అన్నం సయించలేదు. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్రవీణ మీద 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట మల్లేశం వాళ్ళమ్మ ఆసు పోసీ పోసీ, అంటే చీర నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పీ తిప్పీ, భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఆసు మెషిన్ తయారు చేశాడు, ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నువ్వు పోచంపల్లి చీర కట్టుకుని మురిసిపోతావు, ఆలేరు బస్టాండ్‌లో ఆయన పక్కన నిలబడితే గుర్తుపడతావా?

ఇట్లాంటివాళ్ళు ఎదురుపడితే ఫోటో ఒక్కటే దిగి పోకు. కూర్చోవడానికి సీటు ఇవ్వు. అన్నా తిన్నారా అని అడుగు. పాడమని అడిగితే, వాయించమని అడిగితే పైసలు ఇవ్వాలి, రెండు చేతుల్తో ఇవ్వాలి. వాళ్ళ పాటను ఫోన్‌లో రికార్డ్ చేసి నీ పేజీలో పెట్టుకుని నువ్వు లైకులు లెక్కపెట్టుకుంటే, వాళ్ళ కష్టం నువ్వు తిన్నట్టే. మా హోటల్లో డప్పు కొట్టేవాళ్ళు, ఒగ్గు కథ చెప్పేవాళ్ళు, జాతరలకు పోతూ ఎవరు ఆగినా చాయ్‌కి పైసలు తీసుకోను. మీ మామ మొదట్లో గొణిగేవాడు, ఇప్పుడు ఆయనే నాకన్నా ముందు వద్దంటాడు.

ఇక ఆమె సంగతి. ఆమె సినిమాలు మానెయ్యడం, మానకపోవడం నీ ఇష్టం. మనసులో ఏదన్నా ఉంటే ఆమె పేజీకి రెండు లైన్లు రాయి, ఆ రోజు బాబు ఏడుస్తుంటే వచ్చాను, చూసుకోలేదు అని. చదవకపోయినా ఫర్వాలేదు. ఆ ఫోటో మాత్రం ఇవాళే తీసెయ్, నీ ఫోన్‌లోంచి, స్టేటస్‌లోంచి, ఎవరెవరికి పంపావో వాళ్ళనూ తీసెయ్యమను. నాకు పంపింది నేను తీసేశాను. తీసేశాక ఫోన్ చెయ్యి, పొద్దున పది దాటాక చెయ్యి, అప్పటికి టిఫిన్ గిరాకీ తగ్గుతుంది.

మీ అత్తమ్మ