చైనా కత్తిసాములో వేటును కాచేది పాదమూ మొనా

‘చైనా సంప్రదాయ కత్తిసాములో ఎదుటివాడి వేటును ఎలా కాచుకుంటారు? సినిమాల్లో చూపించినట్టు కత్తికి కత్తి అడ్డం పెడితే వాదర దెబ్బతినదా?’ అని అడిగారు. రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పేస్తాను. దెబ్బతింటుంది, గంట్లు పడతాయి, అందుకే ఆ విద్య తెలిసినవాడెవడూ గత్యంతరం ఉండగా అలా అడ్డం పెట్టడు. మొదటి ప్రశ్నకు మాత్రం కొంత తీరికగా చెప్పవలసి ఉంటుంది. ఎంబీబీఎస్ చదువు కోసం వుహాన్‌లో ఉన్న కాలంలో అక్కడి తూర్పు సరస్సు ఒడ్డున ఒక పెద్దాయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నాను. కాబట్టి ఇక్కడ రాసేదానిలో కొంత ఆ అనుభవం, కొంత వైద్యుడిగా నాకు ఏర్పడిన అభిప్రాయం.

మీ ఉద్దేశంలో ఉన్నది రెండు వైపులా పదునున్న సూటి కత్తి, అంటే జియాన్ అనుకుంటాను. వంపు తిరిగిన ఒంటి అంచు కత్తి దావ్ సంగతి వేరు. దాని వీపు మందంగా ఉంటుంది కాబట్టి ఎదుటి వేటును ఆ వీపుతో తోసేసి, అదే ఊపులో తిరిగి నరకవచ్చు. జియాన్‌కు ఆ సదుపాయం లేదు. సాధారణంగా కిలో బరువైనా ఉండదు, పిడి దగ్గర చేతికి కాపుగా ఉండే కమ్మి చాలా చిన్నది, రెండో చేతిలో డాలు లేదు. పాతకాలపు మేలైన జియాన్‌లలో గట్టి ఉక్కు పలకను నడిమిన పెట్టి, దానికి రెండు వైపులా మెత్తటి లోహం అతికించి సాగగొట్టేవారు. ఆ గట్టి ఉక్కే అంచుగా బయటికి తేలుతుంది. అది గట్టిది కనుక పదును నిలుస్తుంది, గట్టిది కనుకనే మరో అంచుతో ఢీకొన్నప్పుడు పెచ్చు ఊడుతుంది. ఆ కారణంగా అలుగును మూడు భాగాలుగా లెక్కపెట్టడం ఆనవాయితీ. మొన వైపు భాగం పలచనిది, అన్నిటికన్నా పదునైనది, పొడవడానికీ చివరి అంగుళాలతో కొయ్యడానికీ పనికివచ్చేది. పిడి వైపు భాగం మందమైనది, పదును తక్కువది, ఎదుటి కత్తి బరువును మొయ్యక తప్పనప్పుడు మోసేది. నడిమి భాగం ఈ రెండు పనుల్లోనూ అవసరాన్ని బట్టి చెయ్యి వేస్తుంది.

ఇంత తెలుసుకున్నా, అసలు కాపు కత్తిలో లేదన్న సంగతి నాకు ఒక చలికాలం పొద్దున అర్థమైంది. ఆ పెద్దాయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైనవారు, మేమందరం ఆయనను లావోషీ, అంటే గురువుగారు, అని పిలిచేవాళ్ళం. ఆ రోజు ఆయన తన కొయ్యకత్తి మొనకు బ్లాక్‌బోర్డు సుద్ద బాగా రుద్ది, నన్ను నా ముదురు నీలం స్వెట్టరుతోనే నిలబడమని, ‘ఎక్కడ కొట్టాలనిపిస్తే అక్కడ కొట్టు, మొహమాటపడకు’ అన్నారు. పక్కనే స్పీకరు పెట్టుకుని వరుసగా నాట్యం చేస్తున్న ఆడవాళ్ళు కొందరు మమ్మల్ని చూస్తున్నారు కాబట్టి నాకు కూడా కొంచెం పౌరుషం వచ్చి, నెత్తి మీదికి ఎత్తి నిలువునా దించాను. ఆయన కత్తి పైకి రాలేదు. ఆయన కుడి పాదం ఏటవాలుగా అరడుగు ముందుకు జరిగింది, ఎడమ పాదం దాని వెనకాల చేరింది, నేను గురిపెట్టిన చోట తల లేదు. కొట్టడానికి చెయ్యి ఎత్తి దించేటప్పుడు నా కుడి మణికట్టు లోపలి వైపు, అంటే డాక్టర్లు నాడి పట్టుకునే వైపు, సరిగ్గా ఆయన ముందు తెరుచుకుంది. ఆయన కొయ్యమొన కింది నుంచి వచ్చి అక్కడ ఆని, నా చెయ్యి తన ఊపులో తాను కిందికి దిగుతుంటే దాని వెంటే రాసుకుంటూ వెనక్కు వెళ్ళింది. ఈసారి అడ్డంగా కొట్టాను, ఆ తరువాత పొడిచాను, ఆ తరువాత మోకాళ్ళకు గురిపెట్టాను. ప్రతిసారీ ఆయన పాదం ఒకటి కదలడం, మొన నా చేతిని అందుకోవడం, ఇంతే. కాసేపటికి ఆగి చూసుకుంటే సుద్ద గీతలన్నీ స్వెట్టరు చేతి అంచు చుట్టూ, కొన్ని మోచేతి మడత దగ్గర ఉన్నాయి. రొమ్ము మీద ఒక్కటి లేదు. అంతసేపటిలో మా కొయ్యకత్తులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు దాదాపుగా వినపడలేదు.

‘మీరు నా కత్తిని ఆపడం లేదేమిటి లావోషీ?’ అని అడిగితే, ‘నీ కత్తితో నాకేం పని? దాన్ని పట్టుకున్న చెయ్యి దానికన్నా దగ్గరగా ఉంది కదా’ అన్నారు.

ఈ మాటలో ఉన్న లెక్క చాలా సూటిది. నా తలను అందుకోవాలంటే ఎదుటివాడు తన చేతిని నా దాకా చాపాలి. నేను మాత్రం అతని తల దాకా పోనక్కరలేదు, చాపిన ఆ చేతిని అందుకుంటే చాలు. అతను వెళ్ళవలసిన దూరం కన్నా నేను వెళ్ళవలసిన దూరం ఒక చెయ్యి పొడవు తక్కువ. ఆలస్యంగా బయలుదేరి ముందుగా చేరాలని చైనా తాత్వికుడు జ్వాంగ్‌జీ పేరుతో ఉన్న ప్రాచీన గ్రంథంలోని ఖడ్గ అధ్యాయం చెబుతుంది. దాన్ని చాలామంది ఏదో మార్మికమైన బోధగా వ్యాఖ్యానిస్తారు గానీ, నా మట్టుకు అది కొలబద్ద పెట్టి చూపించగలిగిన విషయం.

మణికట్టునే ఎందుకు ఎంచుకున్నారన్నదానికి వైద్యుడిగా నా దగ్గర ఇంకో జవాబు ఉంది. వేళ్ళను బలంగా ముడిచే కండరాలు వేళ్ళలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి 9 టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళు, వాటితోపాటు ఒక ముఖ్యమైన నరం, మణికట్టులోని ఇరుకు సందు గుండా అరచేతిలోకి వెళతాయి. వాటిమీద కండ లేదు, ఎముక కాపు లేదు, చర్మానికి కాస్త లోతులోనే ఉంటాయి. ఎమర్జెన్సీ డ్యూటీలో అద్దం పగిలి మణికట్టు కోసుకుని వచ్చినవాళ్ళను చూశాను. బయటికి కనిపించే గాయం రెండు అంగుళాలు కూడా ఉండదు, కానీ పిడికిలి బిగించమంటే ఉంగరపు వేలూ చిటికెన వేలూ కదలవు. పిడికిలి బిగియనివాడు కత్తి పట్టలేడు. అదే గుండెలో పొడిచారనుకోండి, పొడిపించుకున్నవాడు కొన్ని సెకన్లపాటు చెయ్యి ఆడించగలడు, ఆ కొన్ని సెకన్లలో పొడిచినవాడిని నరికి మరీ పడిపోగలడు. కాబట్టి ఆత్మరక్షణ దృష్టితో చూస్తే రొమ్ము కన్నా మణికట్టే పెద్ద గురి. ఈ విద్యను కూర్చిన పాతకాలపువాళ్ళు శవాలను కోసి చూశారో లేదో గానీ, గాయపడిన చేతులను మాత్రం శ్రద్ధగా గమనించి ఉంటారని నా గట్టి నమ్మకం. చైనాలోని వుడాంగ్ కొండల పేరుతో ఉన్న ఖడ్గ సంప్రదాయంలో 13 ప్రాథమిక ప్రయోగాలను లెక్కిస్తారు. వాటిలో చాలావాటికి లక్ష్యం ప్రత్యర్థి మణికట్టే కావడం కాకతాళీయం అని నేను అనుకోను.

అడుగు కదపడానికి చోటు లేనప్పుడో, వేటు అప్పటికే మీద పడినప్పుడో కత్తిని కత్తితో ఎదుర్కోక తప్పదు. అప్పుడు కూడా ఆపడం ఉండదు, దారి మళ్ళించడం ఉంటుంది. పిడిని ఎత్తి, మొనను కిందికి ఏటవాలుగా వాల్చి, పిడి దగ్గరి మందపాటి భాగంలో అలుగు చదును మీద ఆ వేటును తీసుకుంటే, పెంకుటింటి చూరు మీద వాననీరు జారినట్టు ఎదుటి కత్తి పక్కకు జారిపోతుంది. దాని బలం నేలను చేరుతుంది గానీ మన చేతిని చేరదు. తగిలిన కత్తిని వెంటనే వదలకుండా, నొక్కీ నొక్కనట్టు దానికి అంటిపెట్టుకుని ఉండటం తాయ్‌చీ (నెమ్మది కదలికలతో సాధన చేసే చైనా యుద్ధవిద్య) ఖడ్గంలో ముఖ్యం. ఎదుటివాడు తరువాత ఎటు కదలబోతున్నాడో కంటికన్నా ముందు చేతికి తెలుస్తుందని లావోషీ చెప్పేవారు, కళ్ళు మూసుకుని చేసి చూపించేవారు కూడా. ఆ సమయంలో ఎడమ చేతి రెండు వేళ్ళు చాచి ఉంచడం అలంకారం కాదు. శరీరం తూకానికి అది కొంత అవసరం. అంతకన్నా ముఖ్యంగా, డాలు లేని ఆ చేతిని వాదరకు అందకుండా ఒక నిర్ణీతమైన చోట ఉంచడానికీ, వీలు చిక్కితే ఎదుటి ముంజేతిని పట్టుకోవడానికీ పనికివస్తుంది.

ఈ పద్ధతి తాయ్‌చీ వాళ్ళు ఇటీవల కల్పించుకున్నది కాదు. మూడో శతాబ్దంలో వేయ్ రాజ్యానికి తొలి చక్రవర్తి అయిన త్సావ్ పీ (187–226) తన గురించి తాను రాసుకున్న వ్యాసంలో ఒక విందు ముచ్చట చెప్పాడు. డెంగ్ జాన్ అనే సేనాని ఆయుధాలన్నిటిలో ఆరితేరినవాడు, వట్టి చేతులతో కత్తిని ఎదుర్కోగలడని పేరు పొందినవాడు. కత్తిసాము గురించి ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. అప్పుడు అందరూ చెరకు తింటున్నారు కాబట్టి ఇద్దరూ చెరో గడ అందుకుని మండపం దిగి తలపడ్డారు. త్సావ్ పీ మూడుసార్లు డెంగ్ జాన్ చేతి మీదే కొట్టాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సేనానికి అవమానంగా తోచి మళ్ళీ రమ్మన్నాడు. ఈసారి అతను నడిమికి దూసుకువస్తాడని ఊహించిన త్సావ్ పీ, తానే లోపలికి వస్తున్నట్టు నటించి, అతను నిజంగా ముందుకు ఉరకగానే పాదం వెనక్కు తీసి నుదుటి మీద ఒకటి తగిలించాడు. రాజుగారు తన గొప్ప తాను చెప్పుకుంటున్నాడన్న సంగతి పక్కన పెట్టి చూడండి. చేతిని కొట్టడం, పాదాన్ని వెనక్కు తియ్యడం, ఎదురొచ్చేవాడి ఊపునే అతనికి శత్రువును చెయ్యడం, మా లావోషీ సుద్దముక్కతో నేర్పిన మూడు సంగతులూ అందులో ఉన్నాయి.

ఇంత స్పష్టమైన విద్య నేడు చాలా చోట్ల నాట్యంగా మిగిలిపోవడం నాకు బాధ కలిగించే విషయం. 1957లో చైనా ప్రభుత్వ క్రీడా యంత్రాంగం తాయ్‌చీలోని యాంగ్ శైలి ఆధారంగా 32 భంగిమల తాయ్‌చీ ఖడ్గ వరుసను రూపొందించింది. ఆరోగ్యం కోసం అది మంచిదే, నా పేషెంట్లలో పెద్దవయసువారికి నేనే చెబుతుంటాను. కానీ ఆ వరుస పూర్తిచేసి, ఎదురుగా మరో మనిషిని ఒక్కసారైనా నిలబెట్టుకోకుండా ఖడ్గవిద్య వచ్చిందనుకోవడం ఏమిటి? పోటీల కోసం చేసే కత్తులు మరీ ఘోరం. ఊపితే ఝల్లుమని మోగే పలచని రేకులవి, వాటి మీద ఎదుటి కత్తి బరువు పడితే వంగిపోతాయి, కాబట్టి వాటితో కాపు నేర్చుకోవడం అసాధ్యం. మన నగరాల్లో కుంగ్‌ఫూ పేరుతో నడిచే శిక్షణ కేంద్రాలు కొన్నిటిలో ఆ రేకు కత్తులనే అసలైన యుద్ధఖడ్గాలని అమ్మడం చూశాను. పిల్లల తల్లిదండ్రులు పాపం వేలకు వేలు పోసి కొంటున్నారు. చైనాలోనే ఈ జబ్బుకు మందు వెతికినవాళ్ళు లేకపోలేదు. సైన్యాధికారిగా పనిచేసిన లీ జింగ్‌లిన్ (1885–1931) వుడాంగ్ ఖడ్గాన్ని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే సాధనతో సహా నేర్పాడు. 1928లో నాన్‌జింగ్‌లో మొదలైన కేంద్ర గ్వోషు (జాతీయ యుద్ధవిద్య) సంస్థకు ఉపాధ్యక్షుడిగా కూడా ఉన్నాడు. ఆయన తరువాత ఆ జంట సాధన కొద్దిమంది చేతుల్లోనే మిగిలిందని నా అభిప్రాయం.

అయితే ఈ కాపుకు ఒక హద్దు ఉంది. ఇది ఒక మనిషి ఇంకొక మనిషిని ఎదుర్కోవడానికి పుట్టింది, యుద్ధభూమికి చాలదు. 16వ శతాబ్దంలో చైనా తీరం మీద పడిన సముద్రపు దొంగల చేతుల్లోని పొడవాటి జపాను కత్తులను ఎదుర్కోవలసి వచ్చినప్పుడు, సేనాని చీ జీగ్వాంగ్ (1528–1588) ఒంటరి ఖడ్గనైపుణ్యం మీద భరోసా పెట్టుకోలేదు. చిన్న దళాన్ని ఒక జట్టుగా కూర్చి, ముందు వరుసలో డాళ్ళు, వాటి వెనక కొమ్మలు కొట్టెయ్యకుండా ఉంచిన పొడవాటి వెదుళ్ళు, ఆ వెనక ఈటెలు పెట్టాడు. ఆ వెదురు కొమ్మల్లో కత్తి చిక్కుకుని తబ్బిబ్బవుతుంటే ఈటెవాళ్ళు పని పూర్తిచేసేవారు. మణికట్టు అందనంత దూరం నుంచి వచ్చే ఆయుధానికి జియాన్ దగ్గర సమాధానం తక్కువ.

మీరు నేర్చుకునే ఉద్దేశంతోనే అడిగి ఉంటే, వరుసలు కంఠస్థం చేసే ముందు ఒక తోడును వెతుక్కోండి. కొయ్యకత్తులకు సుద్ద రాసుకుని, ఒకరు నెమ్మదిగా నిజంగానే తగిలేటట్టు కొడుతుంటే, రెండోవారు కత్తి ఎత్తకుండా పాదం మాత్రం కదిపి తప్పించుకోవడం కొన్నాళ్ళు సాధన చెయ్యండి. ఆ తరువాతే మొనను చేతికి గురిపెట్టడం మొదలుపెట్టండి. ముఖానికి ఫెన్సింగ్ ముసుగు, చేతులకు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. ముంజేతికి గురిపెట్టిన కొయ్యమొన చెయ్యి మీదుగా జారి నేరుగా కంటివైపు వస్తుంది, మామూలు కళ్ళద్దాలు దాన్ని ఆపలేవు.