తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు థీసిస్ రాయాలంటే ఇంగ్లీషు వ్యాకరణం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలా?

అవసరం లేదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నానని, భాష బాగోలేదని గైడ్ అధ్యాయాన్ని తిప్పి పంపారని రాశారు. అంతమాత్రానికి వ్యాకరణ పుస్తకం ముందేసుకుని కూర్చోకండి. చిత్తూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, పరిశోధక విద్యార్థుల రాతలు ఏళ్ళ తరబడి చూస్తున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: మీ స్థాయికి వచ్చినవాళ్ళను దెబ్బతీసేది వ్యాకరణం కాదు.

మా బంధువుల అమ్మాయి పలమనేరు వైపు టమాటా రైతుల అప్పుల మీద పరిశోధన చేస్తోంది. కిందటి ఏడాది మూడో అధ్యాయం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ‘తిరగరాయండి’ అని ఉంది. ఏది తిరగరాయాలో, ఎందుకో ఒక్క ముక్క లేదు. అక్షరం అక్షరం చదివాను. ఎ, ఆన్, ద అనే ఆర్టికల్స్ అక్కడక్కడ జారాయి, అంతే. కానీ దాదాపు ప్రతి పేరా ‘మోరోవర్’తోనో ‘ఫర్దర్‌మోర్’తోనో మొదలవుతోంది, వెనకటి పేరాతో సంబంధం ఉన్నా లేకపోయినా. పేజీ మధ్యలో, రైతుల నష్టాలకు మండీ వ్యాపారులే కారణమనడంలో ఎలాంటి సందేహమూ లేదని ఒక వాక్యం. కాగితాలు పక్కన పెట్టించి, “నువ్వు కనుక్కున్నదేమిటో తెలుగులో చెప్పు” అన్నాను.

“నేను తిరిగిన ఊళ్ళలో అయితే, అప్పిచ్చిన మండీకే కాయ వేసేవాళ్ళకు ధర కాస్త తక్కువ పడుతున్నట్టుంది అత్తా. కాయ సైజు, కోసిన రోజు కూడా కారణం కావచ్చు. అవి నేను విడిగా చూడలేదు” అంది.

ఎంత చక్కటి మాట! ఎన్ని ఊళ్ళు చూసిందో అంతవరకే మాట్లాడింది, తెలియనిదాన్ని తెలియదంది. పరిశోధకురాలి మాట అంటే అదే. ఆ మాటలనే వరసగా ఇంగ్లీషులో పెట్టమన్నాను. పెట్టింది. అందుకు కావలసిన ఇంగ్లీషు అంతా ఆ పిల్ల దగ్గర ముందే ఉంది. థీసిస్ అంటే గొంతు పెంచి, ఖండితంగా మాట్లాడాలని ఎవరో నూరిపోశారు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 1997లో కెన్ హైలాండ్, జాన్ మిల్టన్ అనే భాషా పరిశోధకులు హాంకాంగ్ విద్యార్థుల పరీక్ష వ్యాసాలను బ్రిటన్ విద్యార్థుల వ్యాసాల పక్కన పెట్టి చూశారు. హాంకాంగ్ పిల్లలు ఏ విషయాన్నయినా మరింత బల్లగుద్ది చెబుతున్నారని తేలింది. బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయంలో సిల్వియాన్ గ్రాంజే 1990లో ఇంకా పెద్ద పని మొదలుపెట్టారు. ఇంగ్లీషు నేర్చుకునే విశ్వవిద్యాలయ విద్యార్థుల వ్యాసాలను దేశదేశాల నుంచి సేకరించి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అక్కడి పరిశోధకులే 2008లో ఆ రాతలను పరిశీలించి, మాతృభాష ఏదైనా సరే, విద్యార్థుల వ్యాసాల్లో మాట్లాడే ఇంగ్లీషు ఛాయలు ఎక్కువని చూపించారు. ఇంగ్లీషే మాతృభాషగా ఉండి కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్ళకూ అందులో కొంత తప్పలేదు. మరి ఇక్కడ మాత్రం తెలుగు మాధ్యమాన్ని ఎందుకు ఆడిపోసుకుంటారు?

దీనికి తోడు కాపీ శాతం భయం ఒకటి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో 10 శాతం వరకు పోలిక ఉన్నా శిక్ష లేదు. నియమం మంచిదే. కానీ ఆ అంకె కోసం పిల్లలు మంచి వాక్యాల్లో మాటలు పీకి, నిఘంటువులోంచి దొరికిన మాట అతికిస్తున్నారు. డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టేవాళ్ళూ తయారయ్యారు. అలా చేసిన అధ్యాయం చదివితే రాసినవాళ్ళకే అర్థం కాదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మీరు చేయవలసింది ఒకటి. మీ శాఖలో మీకు నచ్చిన వ్యాసాలు కొన్ని తీసుకుని, ఫలితాలు చెప్పే భాగం మాత్రమే చదవండి. ఏ మాట గట్టిగా అన్నారో, ఎక్కడ వెనక్కి తగ్గారో పెన్సిల్‌తో గీతలు గీయండి. తర్వాత మీ అధ్యాయం మీద అదే పని చేయండి.

ఇక నా మనసులో ఉన్న మాట. గ్రాంజే బృందం ఆ వ్యాసాల సేకరణకు 2009లో తెచ్చిన రెండో కూర్పులో 16 మాతృభాషల విద్యార్థులున్నారు. వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వెలసిన తిరుపతి మనది. ఇక్కడ ఏటా పోగయ్యే రాతలకు కొరతా? విద్యార్థుల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, ఏ ఇంగ్లీషు శాఖ అయినా ఈ సేకరణ మొదలుపెట్టవచ్చు. గైడ్ దిద్దిన ప్రతి కాదు, దిద్దకముందు విద్యార్థి రాసిన ప్రతే కావాలి. పక్కన ఏ మాధ్యమంలో చదివారో, ఇంగ్లీషు ఎన్నేళ్ళు నేర్చుకున్నారో రాసిపెట్టాలి.