ఋతువుల మీద పిల్లల చేత కవితలు రాయించడం ఎలా?

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలను ఋతువుల మీద కవిత రాయమంటే అందరూ ఒకేలా రాస్తున్నారని, ఏం చేయాలని అడిగారు. ఆ వయసు పిల్లల చేత నేను కొన్నేళ్లుగా రాయిస్తున్నాను; మొదట్లో నాకూ ఇదే ఎదురైంది. బోర్డు మీద ‘వసంతం’ అని రాసి రాయమంటే, ఇంచుమించు ప్రతి కాగితంలోనూ కోకిల కూసింది. ఈ మధ్య కోకిలను నిజంగా విన్నవారెవరని అడిగితే లేచినవి రెండే చేతులు. తప్పు పిల్లలది కాదు. పేరు ముందిచ్చి, చూడవలసినదాన్ని తరువాతకు వదిలేసింది నేను.

అప్పటి నుంచి ఋతువు పేరు చెప్పడం మానేశాను. పావుగంట సేపు ఆరుబయట ఏదో ఒక్కదాని దగ్గర కూర్చుని, కంటికీ చెవికీ ముక్కుకూ చేతికీ తెలిసిన సంగతులే రాసుకోమంటాను. ‘అందమైన’, ‘ఆహ్లాదకరమైన’ వంటి మాటలకు ఆ పావుగంటా సెలవు. ఒకసారి వాన వెలిశాక ఒక అబ్బాయి ‘వర్షాకాలం చాలా బాగుంటుంది’ అని రాసి తెచ్చాడు. ఏది బాగుందో చూపించమంటే నన్ను ఒక నీటి గుంట దగ్గరికి తీసుకువెళ్లాడు. కాసేపటికి ఇలా రాశాడు:

గుంటలో ఆకాశం
కాలు పెట్టాను
మబ్బు వణికింది

‘నాకు చాలా ఆనందం కలిగింది’ అని నాలుగో పాదం కూడా ఉండేది. దాన్ని నేను కొట్టేయలేదు. చేత్తో మూసి ఒకసారి, తెరిచి ఒకసారి పైకి చదవమన్నాను. రెండోసారి చదివాక వాడే కొట్టేశాడు.

హైకూ (మూడు పాదాల జపాను చిట్టి కవిత) నేర్పాలనుకుంటే, ఋతువును స్ఫురింపజేసే మాట ఒకటి ఉండాలన్న జపనీయుల నియమం (దాన్ని ‘కిగో’ అంటారు) పిల్లలకు బాగా పనికివస్తుంది. మూడు పాదాల్లో వరుసగా 5, 7, 5 ధ్వనులుండాలన్న లెక్కను మాత్రం ఈ వయసులో పట్టించుకోకండి. జపాను భాషలో దీర్ఘానికి రెండు లెక్కిస్తారు కనుక, ఆ లెక్క మన అక్షరాలకంటే మాత్రలకే దగ్గర. అయినా వేళ్లు మడిచి లెక్కపెట్టే పిల్లవాడు గుంట వైపు చూడడు.

వీలైతే ఏడాది పొడుగునా ఒకే చెట్టును పక్షానికొకసారి చూపించి, తేదీ వేసి ఒక్కొక్క వాక్యం రాయించండి. ఋతువుకు రెండు నెలల చొప్పున నాలుగు వాక్యాలు పోగవుతాయి; శిశిరంలో బోసికొమ్మను చూసేనాటికి, వెనక్కి తిప్పి పోల్చుకోవడానికి వారి మాటలే వారికి ఉంటాయి. అక్షరదోషాలను శుభ్రప్రతి రాసేటప్పుడు దిద్దవచ్చు.