లూకా లేని మావ్స్ గేమ్‌కి వెళ్లాలా?

ప్రశ్న: అన్నా, మేము డాలస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇండియాలో ఉన్నప్పుడే ఫోన్లో లూకా డాన్చిచ్ బాస్కెట్‌బాల్ ఆట చూసి డాలస్ మావెరిక్స్ (మావ్స్) అభిమానినయ్యాను. తీరా ఇక్కడికి వచ్చేసరికి అతను ఈ టీమ్‌లో లేడు. ఆఫీసులో వాళ్లు హోమ్ గేమ్‌కి రమ్మంటున్నారు. టికెట్ల ధరలు చూస్తే ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు లేవు. మా ఆవిడకి ఈ ఆట తెలియదు, ఆరేళ్ల పాప ఉంది. ఇంత ఖర్చు పెట్టి వెళ్లడం అవసరమా?

జవాబు: వెళ్లు తమ్ముడూ. మీ ఆవిడనీ పాపనీ కూడా తీసుకెళ్లు. ఎందుకు వెళ్లమంటున్నానో ముందు చెప్తాను, టికెట్ల సంగతి తర్వాత చూద్దాం.

నేను కాజీపేట నుంచి ఇర్వింగ్‌కి వచ్చింది 2006 వేసవిలో. ఆ జూన్‌లోనే మావ్స్ మొదటిసారి ఎన్‌బీఏ లీగ్ ఫైనల్స్ ఆడారు. మయామీ మీద మొదటి రెండు గేములూ గెలిచి, తర్వాత నాలుగూ ఓడిపోయారు. నాకు అప్పటికి రూల్స్ కూడా సరిగ్గా తెలియవు. మర్నాడు అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో బట్టలు వేస్తుంటే, ఎప్పుడూ చూడని ఒక పెద్దాయన రాత్రి గేమ్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఎక్కడి నుంచి వచ్చావని అడగలేదు, ఏం పని చేస్తావని అడగలేదు. చివరి గేమ్ చూశావా అని మాత్రం అడిగాడు. ఆఫీసు బయట ఈ ఊరి మనిషితో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆ సాయంత్రమే ఒక నీలం టోపీ కొనుక్కున్నాను.

మరుసటి ఏడాది 67 గేములు గెలిచిన జట్టు ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత కప్పు కోసం ఆడే రౌండ్లు) మొదటి రౌండులోనే ఎనిమిదో స్థానంలో ఉన్న గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడింది. 2011లో అదే మయామీని ఓడించి కప్పు తెచ్చారు. నడుమ ఉన్న ఆ ఐదేళ్లూ చూసినవాడికే 2011 జూన్ 12 రాత్రి మన స్టార్ డర్క్ నోవిట్స్కీ కళ్లు తుడుచుకుంటూ లాకర్ రూమ్‌లోకి ఎందుకు వెళ్లిపోయాడో అర్థమవుతుంది. ఆ రాత్రి నేనూ ఏడ్చాను.

ఇక లూకా సంగతి. 2025 ఫిబ్రవరి 1న అర్ధరాత్రి కావస్తుండగా అతన్ని లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుకి ఇచ్చేశారన్న వార్త వచ్చింది. మర్నాడు జనం స్టేడియం ముందుకి శవపేటిక మోసుకొచ్చారు. నా ఫోన్లో మన తెలుగు గ్రూపులన్నీ 'ఇక మావ్స్ వద్దు' అన్న మెసేజీలతో నిండిపోయాయి. నాకూ రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కానీ ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో ఇక్కడికి ఆడటానికి వచ్చినప్పుడు నేను పై అంతస్తులో నా సీట్లోనే ఉన్నాను. అతను ఇక్కడ ఆడిన రోజుల వీడియో వేస్తుంటే అతను బెంచీ మీద కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత లేచి మన మీదే 45 పాయింట్లు కొట్టాడు. అంతకు సరిగ్గా ఆరేళ్ల ముందు, 2019 ఏప్రిల్ 9న, ఇదే ఫ్లోర్ మీద డర్క్ తన చివరి హోమ్ గేమ్‌లో 30 పాయింట్లు కొట్టాడు. ఆ రోజూ అక్కడే ఉన్నాను. డర్క్ 21 సీజన్లు ఒకే టీమ్‌కి ఆడాడు. లూకాకి ఆ అవకాశం ఇవ్వలేదు. ఆ నిర్ణయం తప్పని నేను ఇప్పటికీ అంటాను. తీసుకున్న జనరల్ మేనేజర్‌ని అదే ఏడాది నవంబర్‌లో తీసేశారు కూడా. అయినా నా సీటు వదలలేదు, ఎందుకంటే నా పక్క సీట్లవాళ్లు వదలలేదు.

వాళ్ల గురించి చెప్పాలి. నా పక్కన కూర్చునేది ఒక ముసలి దంపతులు. ఆయన స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఈ టీమ్ పుట్టిన 1980 నుంచి, పాత రీయూనియన్ అరీనా రోజుల నుంచి చూస్తున్నవాళ్లు. మా నాన్న పోయినప్పుడు నేను కాజీపేట వెళ్లి నాలుగు వారాలు ఉండిపోయాను. తిరిగి వచ్చాక మొదటి గేమ్‌కి వెళ్తే, ఆ పెద్దావిడ సంచిలోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. నేను లేని ఒక రోజు గేటు దగ్గర అందరికీ పంచిన బొమ్మ. మా అమ్మాయి కోసం అడిగి ఇంకోటి తీసుకుని దాచిందట. సంగతి చెప్పగానే ఆయన ఏం మాట్లాడలేదు, మొదటి క్వార్టర్ అంతా నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

మన తెలుగు కుర్రాళ్లు చాలామంది అవతలి జట్ల స్టార్లు స్టెఫ్ కరీ వచ్చినప్పుడో లెబ్రాన్ వచ్చినప్పుడో మాత్రమే, అదీ వాళ్ల జెర్సీ వేసుకుని వెళ్తారు. అది తప్పు అనను. కానీ ఆ రోజులే టికెట్లు అన్నిటికంటే ఖరీదు, పక్కవాడితో మాట కలపడమూ కష్టం. నువ్వు ఉండేది ఈ ఊళ్లో. ఈ ఊరి టీమ్‌ని పట్టుకో. కొత్త ఆటగాళ్లని జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1.8 శాతం అవకాశంతో లాటరీలో మొదటి పిక్ దొరికి కూపర్ ఫ్లాగ్ ఈ టీమ్‌కి వచ్చాడు. పద్దెనిమిదేళ్ల పిల్లాడిగా వచ్చాడు. అతని మొదటి రోజుల నుంచి చూశానని చెప్పుకునే అవకాశం నీకుంది.

ఇప్పుడు ఖర్చు. సీజన్ మన లెక్కలో దీపావళి అటూఇటూ మొదలై ఉగాది దాటాక ఏప్రిల్ మధ్యలో ముగుస్తుంది. తర్వాత ప్లేఆఫ్స్. మొత్తం 82 గేముల్లో 41 ఇక్కడే. శనివారం, పెద్ద జట్టు, పండగ సెలవులు అయితే ధర పెరుగుతుంది. సోమ, మంగళ, బుధవారాల్లో పెద్దగా పేరు లేని జట్టు వస్తే బాగా తగ్గుతుంది. అమ్ముకునేవాళ్లు ఎక్కువుంటే ఆ సాయంత్రానికి ఇంకా దిగుతుంది. మొదటిసారి పై అంతస్తులోని 300 నంబరు సెక్షన్లలో, కోర్టు పొడవు వైపు మధ్యలో తీసుకో. ఆట మొత్తం కనపడేది అక్కడి నుంచే. కింద మూలలో కూర్చుంటే డబ్బు ఎక్కువ, అవతలి బాస్కెట్ దగ్గర ఏం జరిగిందో తెలియదు. చివర్లో ఫీజులు కలిపి ఎంతయిందో చూసుకున్నాకే కొను.

టికెట్ ఎప్పుడూ యాప్‌లోనే నీ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేయించుకో. కొత్తల్లో నేను ఒక గ్రూపులో పరిచయమైన మనిషికి డబ్బు పంపి స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. గేటు దగ్గర అది పని చేయలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. భార్యా పిల్లతో చలిలో నిలబడిన ఆ అరగంట ఇంకా గుర్తుంది.

ప్రతి సీజన్ వెళ్లాలనిపిస్తే ఒక్కడివే సీజన్ టికెట్ తీసుకోకు. మేము నాలుగు కుటుంబాలం కలిసి రెండు సీట్లు తీసుకుంటాం. షెడ్యూల్ వచ్చిన వారం ఒకరి ఇంట్లో భోజనం పెట్టుకుని చీటీలు తీస్తాం. మొదటి రౌండులో ఒకటి, రెండు, మూడు, నాలుగు వరసలో తలో గేమ్ ఎంచుకుంటాం, రెండో రౌండు నాలుగో వాళ్ల నుంచి వెనక్కి వస్తుంది. అలా తిప్పితే పెద్ద గేములన్నీ ఒకరికే పోవు. తలా పది గేములు వస్తాయి. పదేళ్లుగా ఒక్క తగాదా రాలేదు.

అంత దూరం ఇప్పుడే వద్దనుకుంటే మీ ఫ్రిస్కోలోనే మొదలుపెట్టు. కొమెరికా సెంటర్‌లో టెక్సస్ లెజెండ్స్ ఆడతారు, ఇది మావ్స్ కింద పెరిగే కుర్రాళ్ల జట్టు. టికెట్ చవక, హాలు చిన్నది, పాపకి ఆటగాళ్లు దగ్గరగా కనపడతారు. 2015లో మావ్స్ 52వ పిక్‌గా తీసుకున్న పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ ఆడింది ఈ జట్టుకే. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. అతను బెంచీ మీద నుంచి లేస్తే చాలు, హాల్లో మనవాళ్లందరం లేచి నిలబడేవాళ్లం. అసలు గడప దాటకుండా చూడాలంటే ఇంటికి ఒక యాంటెన్నా కొను. 2024 నుంచి మావ్స్ గేములు ఇక్కడి లోకల్ ఛానళ్లలో ఉచితంగా వస్తున్నాయి. ఎన్‌బీఏ వాళ్ల ఆన్‌లైన్ చందా లీగ్ పాస్ మాత్రం కొనకు, మన ఊరి టీమ్ గేములు ఇక్కడ అందులో లైవ్‌గా రావు.

మీ ఆవిడకి ఆట ఇలా చెప్పు. కబడ్డీలో కూతకి వెళ్లినవాడికి 30 సెకన్లు ఉన్నట్టే, ఇక్కడ బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలో బాస్కెట్‌కి వేయాలి. గీత బయట నుంచి వేస్తే మూడు, లోపల నుంచి రెండు, అవతలివాళ్ల ఫౌల్‌కి దొరికే ఫ్రీ త్రో ఒకటి. పన్నెండు నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఒక ఆటగాడు ఆరు ఫౌల్స్ చేస్తే బయటికి. మొదటి రోజుకి ఇది చాలు.

అక్కడి మర్యాదలు కొన్ని ఉన్నాయి. జాతీయ గీతానికి ముందే సీట్లో ఉంటే మంచిది, అందరితో పాటు లేచి నిలబడండి. బంతి ఆటలో ఉండగా మెట్ల మీద అటూ ఇటూ తిరగొద్దు, ఆట ఆగేదాకా ఆగండి. మనవాడు ఫ్రీ త్రో వేస్తుంటే నిశ్శబ్దం, అవతలివాడు వేస్తుంటే గోల. ఇది పాప ఒక్కసారి చూస్తే నేర్చేసుకుంటుంది. ఇంకో మాట, పందేల జోలికి పోకు. టెక్సస్‌లో ఆటల మీద బెట్టింగ్‌కి అనుమతి లేదు, వీసా మీద ఉన్నవాడికి ఆ రిస్క్ అసలు వద్దు.

ఫ్రిస్కోకి డార్ట్ (డాలస్ లోకల్) రైలు లేదు కాబట్టి క్యారల్టన్‌లో ట్రినిటీ మిల్స్ స్టేషన్‌దాకా కారులో వెళ్లి గ్రీన్ లైన్ ఎక్కండి. విక్టరీ స్టేషన్‌లో దిగితే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ ఎదురుగానే ఉంటుంది. వెనక్కి వచ్చే ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసుకో. గేమ్ మామూలుగా ఏడున్నరకి మొదలై పది దాకా సాగుతుంది. ఇంట్లో కాస్త తిని బయల్దేరండి, శాకాహారమైతే లోపల దొరికేది తక్కువ, రేట్లు ఎక్కువ. బ్యాగ్ నియమాలు వెళ్లే రోజు స్టేడియం సైట్లో చూసుకోండి. లోపల ఏసీ చలి గట్టిగా ఉంటుంది, పాపకి స్వెటర్ వెయ్యి.

గంట ముందే చేరితే బయట డర్క్ విగ్రహం దగ్గర ఆగండి. 2022 క్రిస్మస్ రోజున పెట్టారు. ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ బంతి వేస్తున్న భంగిమ. అక్కడ ఫోటో తీసిపెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. తీసిపెట్టి, మీది కూడా తీయించుకోండి. లోపలికి వెళ్లాక పక్క సీట్లవాళ్లకి నీ పేరు చెప్పు, ఇది మా మొదటి గేమ్ అని చెప్పు. మిగతాది వాళ్లే చూసుకుంటారు.