ట్రాఫిక్ మా పని కాదంటున్న మున్సిపాలిటీని చట్టప్రకారం ఏం అడగవచ్చు?

ప్రశ్న: మా ఇంటి ముందు రోడ్డులో ఒక స్కూలు, ఒక పెద్ద వాణిజ్య భవనం ఉన్నాయి. ఉదయం, సాయంత్రం లారీలు, ఆటోలు, కార్లు ఇరుక్కుపోయి ఎంతసేపటికీ కదలవు. ఇంజన్లు ఎవరూ ఆపరు. మా అమ్మగారికి ఉబ్బసం. కమిషనర్‌గారికి అర్జీ పెడితే 'ట్రాఫిక్ పోలీసుల పని' అన్నారు. పోలీసులేమో 'రోడ్డు మున్సిపాలిటీది' అన్నారు. విదేశాల్లో లాగా రద్దీ పన్ను వేయమని కౌన్సిల్‌ను అడగవచ్చా?

జవాబు: ఇద్దరూ చెప్పింది సగం నిజమే. 'ట్రాఫిక్ తగ్గించండి' అని ఒక్క ముక్కలో రాసిన అర్జీని పక్క ఆఫీసుకు తోసేయడం చాలా తేలిక. ఏ అధికారం ఎవరి చేతిలో ఉందో చూసుకుని, విడివిడిగా అడగండి.

రద్దీ పన్ను మాట మాత్రం అర్జీలో ఎత్తకండి. చట్టం లేకుండా ఏ పన్నూ వసూలు చేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతోంది. శాసనసభ చట్టం చేసి అధికారం ఇస్తేనే మున్సిపాలిటీ పన్నయినా, టోలయినా వేయగలదు. లండన్‌లో కూడా 1999లో పార్లమెంటు చట్టం చేశాకే, 2003 ఫిబ్రవరి 17న వసూలు మొదలైంది. మీరు ఆ కోరిక రాస్తే, దాన్ని సాకుగా పట్టుకుని మిగతావన్నీ కొట్టేస్తారు.

ఫలానా వేళల్లో లారీలు రాకూడదని ఆంక్ష పెట్టే అధికారం, 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా ప్రభుత్వం ఆ అధికారం అప్పగించినవారిది. నెలకు మించిన ఆంక్షకు గెజిట్ నోటిఫికేషన్ తప్పనిసరి. నెలలోపుదైతే స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. ఆ అధికారం అప్పగించకుండా కౌన్సిల్ తనంతట తానే లారీలు ఆపితే కోర్టులో నిలవదు. అయితే స్కూలు వేళల్లో ఆంక్ష పెట్టమని కోరుతూ కౌన్సిల్ తీర్మానం చేసి పంపవచ్చు. మీ వార్డు కౌన్సిలర్ చేత దాన్ని అజెండాలో పెట్టించండి. పొగ కక్కే బండ్ల సంగతి రవాణా శాఖ, పోలీసులు చూడాలి.

ఇక కౌన్సిల్ తప్పించుకోలేనివి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో రోడ్లు, పార్కింగ్ స్థలాలు, బస్ స్టాపులు, పర్యావరణ రక్షణ పేరుపేరునా ఉన్నాయి. మీ వీధికి అన్వయించి చూడండి. ఆ వాణిజ్య భవనం ప్లానులో సెల్లార్ పార్కింగ్ కోసమని చూపించి ఉంటారు. ఒకసారి దిగి చూడండి. లోపల సరుకు మూటలు, ఒక జనరేటర్, వాచ్‌మన్ మంచం కనబడితే ఆశ్చర్యపోకండి. లోపల ఉండాల్సిన బండ్లన్నీ రోడ్డు మీద రెండు వరసలుగా నిలుస్తాయి. సగం జామ్ అక్కడే పుడుతుంది. ప్లానుకు విరుద్ధమైన వాడకం మీద నోటీసు ఇవ్వాల్సింది మున్సిపాలిటీయే, పోలీసులు కాదు. ఫుట్‌పాత్ ఆక్రమణలు తీయించడం, రోడ్డు తవ్వుకోవడానికి అనుమతి ఇచ్చాక గుంత పూడ్చారో లేదో చూడడం, తమ చెత్త బండ్లను స్కూలు వేళల్లో కాకుండా తెల్లవారుజామున తిప్పడం కూడా వాళ్ల పనే. చెత్త బండి టైము మార్చడానికి గెజిట్ ఎందుకండీ?

తోపుడు బండ్లవాళ్ల మీద మాత్రం పడకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తి చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు.

'నిధులు లేవు' అంటారు, తప్పకుండా అంటారు. రత్లాం మున్సిపల్ కౌన్సిల్ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెల్లదంది. అక్కడ గొడవ మురుగు కాలువల గురించి. వీధివాసులు మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లారు, మున్సిపాలిటీ డబ్బు లేదంది. చట్టం అప్పగించిన విధికి ఖాళీ ఖజానా సాకు కాదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. వాళ్లు వాడిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 133 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. రోడ్డు మీది అడ్డంకులను ప్రజలకు ఇబ్బందిగా చూపి, దాని కింద మీ ఆర్డీవోను కూడా ఆశ్రయించవచ్చు.

అన్నిటికంటే ముందు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మూడే అడగండి: ఈ రోడ్డు మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా? దీని మీద 115 నోటిఫికేషన్ ఏదైనా ఉందా? ఆ భవనం ఆమోదిత ప్లానులో పార్కింగ్ ఎంత చూపించారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. దాన్ని జతచేసి, తేదీలున్న ఫొటోలతో కమిషనర్‌కు కొత్త అర్జీ పెట్టండి. అమ్మగారి డాక్టరు చీటీ నకలు కూడా పెట్టండి. దానికీ కదలకపోతే హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ వేయవచ్చు. అక్కడ మొదట అడిగేది మీరు అధికారులకు ముందుగా రాశారా అనే. అందుకే అర్జీ మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆ కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.